బీఈడీ ఇంటర్న్‌షిప్‌కి వస్తున్నారా? కిటికీ పక్కన కుర్చీ వేసుకోండి

ఏటా మా బడికి అయిదారుగురు ట్రైనింగ్ టీచర్లు వస్తారు. చేతిలో అలాట్‌మెంట్ లెటరు, భుజాన బ్యాగు, బ్యాగులో అప్పుడే అట్టలేసిన రికార్డులు, అంటే పాఠాల ప్లాన్లు రాసే పుస్తకాలు. హెచ్.ఎం. గారు నా దగ్గరికి పంపిస్తే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "మేడమ్, రికార్డుల మీద సంతకాలు వారం వారం పెడతారా, చివర్లో ఒకేసారి పెడతారా?"

తప్పుపట్టను. నేనూ అదే అడిగాను. నేను గుంటూరులో మున్సిపల్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. బీఈడీ చేసింది 2003లో, అప్పట్లో కోర్సు ఏడాదే. మెథడ్‌కి, అంటే నేర్పే సబ్జెక్టుకి, ఇరవై చొప్పున రెండింటికీ నలభై పాఠాలు చెప్పి, నలభై లెసన్ ప్లాన్లు రాసి బయటపడ్డాను. ఆ నలభైలో ఇప్పుడు గుర్తున్నది ఒక్కటే, అదీ పాడైపోయిన పాఠం కాబట్టి. పాడైన పాఠం దగ్గర ఎలా ఆగాలో ఆ రోజు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇప్పుడు మీకు టైముంది. టీచర్ల చదువులకి రూల్స్ పెట్టే ఎన్‌సీటీఈ 2014 నిబంధనల తర్వాత బీఈడీ రెండేళ్లయింది, బడిలో గడపాల్సింది మొత్తం 20 వారాలు. మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. మామూలు క్లాసులకి 80 శాతం హాజరు చాలు, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం ఉండాలి. ఇంకా కోర్సులో చేరని వాళ్లకి ఒక మాట. మీ మనసు ఒకటి నుంచి అయిదు తరగతుల మీదుంటే బీఈడీ కాదు, చిన్న తరగతుల టీచర్ల డిప్లొమా డీఈఎల్‌ఈడీ చేయండి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక బీఈడీతో ప్రాథమిక పాఠశాల టీచరు పోస్టుకి అర్హత లేదు. ఇంటర్ అయ్యాక డీసెట్ ప్రవేశ పరీక్ష రాసి, టీచర్లకి శిక్షణనిచ్చే జిల్లా సంస్థల్లో, బోయపాలెం డైట్‌లోనో, కృష్ణా వైపు వాళ్లయితే అంగలూరు డైట్‌లోనో చేరొచ్చు. హైస్కూల్లో సబ్జెక్టు చెప్పాలంటే డిగ్రీ, ఎడ్‌సెట్ ప్రవేశ పరీక్ష, బీఈడీ. రెండు దారుల్లోనూ బడికి రావడం తప్పదు.

మొదటి వారం చూడ్డమే

వచ్చిన రోజే పాఠం చెప్పేస్తామంటారు కొందరు. వద్దు. మొదటి వారం క్లాసులో కూర్చుని చూడండి. ఎక్కడ కూర్చోవాలో కూడా చెబుతాను, ఎందుకంటే అందరూ వెళ్లి వెనక బెంచీలోనే కూర్చుంటారు. అక్కణ్ణించి కనపడేది నా మొహం, పిల్లల జడలు. నా మొహం చూసి నేర్చుకునేదేమీ లేదు. పక్కన కిటికీ దగ్గర, మూడో బెంచీకి సమానంగా కుర్చీ వేసుకోండి. పిల్లల మొహాలూ కనపడతాయి, నోటుబుక్కులూ కనపడతాయి. ఎవరు బోర్డు మీదిది ఎక్కించుకుంటున్నారు, ఎవరు పక్కవాడి పుస్తకంలోది ఎక్కించుకుంటున్నారు, ఎవరు పెన్ను ఆడిస్తూ ఏమీ రాయట్లేదు, అన్నీ తెలిసిపోతాయి.

ఒక తెల్లకాగితం మీద బెంచీల బొమ్మ గీసి, ఎవరి చోట వాళ్ల పేరు రాసుకోండి. టీచరు ప్రశ్న అడిగితే ఆ పేరు పక్కన ఒక గీత. తనంతట తను చెయ్యెత్తితే ఒక చుక్క. అంతే.

రెండేళ్ల కిందట సత్తెనపల్లి నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి నా క్లాసులో నాలుగు రోజులు ఇలా గీతలు గీసింది. చివర్లో ఆ కాగితం చూపించడానికి మొహమాటపడింది. లాక్కుని చూస్తే ఏముంది, గీతలన్నీ కుడివైపు ముందు మూడు బెంచీల మీదే. ఎడమ గోడవార కూర్చునే ఎనిమిది మందిలో ఏడుగురిని నాలుగు రోజుల్లో ఒక్క ప్రశ్నా అడగలేదు నేను. అడిగిన ఆ ఒక్కణ్ణీ అడిగింది అల్లరి చేస్తున్నాడని. ఇరవయ్యేళ్ల సర్వీసు నాది! ఆ కాగితం ఇప్పటికీ నా టీచింగ్ డైరీలో మడతపెట్టి ఉంది.

రికార్డులో ఆ రెండో గడి

పీరియడ్ ప్లాన్‌లో ఉపాధ్యాయుని కృత్యాలు, విద్యార్థి కృత్యాలు అని రెండు గడులుంటాయి. మొదటి గడి నిండా రాస్తారు. రెండో గడిలో అందరిదీ ఒకటే వాక్యం: "విద్యార్థులు సరైన సమాధానం చెబుతారు." నేను చూసిన ప్రతి రికార్డులోనూ ఉంది. నా రికార్డులోనూ ఉండేది. ఆ గడిలో రాసినట్టు పిల్లలు చెప్పేస్తే ఇక మనం ఎందుకు, జీతాలెందుకు?

నిరుడు పొన్నూరు వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివాడు, లెక్కలో దిట్ట. ఆరో తరగతికి భిన్నాల సంకలనం చెబుతున్నాడు. బోర్డు మీద 1/2 + 1/3 రాసి, ఒక పిల్లాణ్ణి లేపాడు. వాడు గబగబా వచ్చి 2/5 అని రాశాడు. ఇది కొత్తేం కాదు, పైవి పైకి, కిందవి కిందకి కలిపేయడం ఏటా చూస్తాం. మంచి పని ఏం చేశాడంటే, మా ట్రైనీ అబ్బాయి ఆ జవాబు కొట్టేయకుండా "ఎలా వచ్చిందిరా?" అని అడిగాడు.

"సార్, పోయిన ఆదివారం రెండు మ్యాచ్‌లు ఆడాం, ఒకటి గెలిచాం. ఈ ఆదివారం మూడు ఆడాం, ఒకటి గెలిచాం. మొత్తం అయిదాడి రెండు గెలిచాం కదా?"

క్లాసంతా "అవును సార్" అంది. మా అబ్బాయి చాక్‌పీసు పట్టుకుని నా వైపు చూశాడు. నేను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాను, ఏం మాట్లాడలేదు. "అలా కాదు, కసాగు (ఎల్‌సీఎం) తీయాలి" అని 2/5 తుడిచేసి, తనే చేసి చూపించాడు. పిల్లలు ఎక్కించుకున్నారు. ఆ పిల్లాడు కూర్చున్నాడు గానీ పెన్ను తీయలేదు.

లాంగ్ బెల్ కొట్టాక స్టాఫ్ రూములో అన్నాడు, "మేడమ్, వాడిది తప్పని నాకు తెలుసు. ఎందుకు తప్పో వాడికి చెప్పడం నాకు రాలేదు." ఆ మాట ఒప్పుకున్నందుకు ఆ రోజు టీ నేనే పోయించాను.

ఇద్దరం కూర్చుని మర్నాటి ప్లాన్ తిరగరాశాం. వాడి మ్యాచ్‌ల లెక్కలో తప్పు లేదు, ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి. కాకపోతే అది వేరే ప్రశ్నకి జవాబు. అక్కడ సగం అంటే రెండు మ్యాచ్‌లలో సగం, మూడో వంతు అంటే మూడు మ్యాచ్‌లలో మూడో వంతు. మొత్తాలు వేరు. మన లెక్కలో మొత్తం ఒకటే. అందుకని మర్నాడు మా అబ్బాయి అట్టుతో మొదలుపెట్టాడు. "ఒకే అట్టులో పొద్దున సగం తిన్నావు. కాసేపాగి అదే అట్టులో మూడో వంతు తిన్నావు. మొత్తం తిన్నది సగం కన్నా ఎక్కువా, తక్కువా?" ఎక్కువ అన్నారు. "మరి 2/5 సగం కన్నా ఎక్కువా, తక్కువా?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ మ్యాచ్‌ల పిల్లాడే, "తక్కువ సార్... తిన్నాక తగ్గిందేంటి?" అన్నాడు. అప్పుడు కాగితం ఆరు గడులొచ్చేలా మడతపెట్టించి, మూడు గడులు ఒక రంగు, రెండు గడులు ఇంకో రంగు వేయించాడు. 5/6 వాళ్ల చేతుల్లోనే కనపడింది. కసాగు అనే మాట ఆ తర్వాత వచ్చింది.

కాబట్టి ఆ రెండో గడిలో ఇకనుంచి పిల్లలు చెప్పబోయే తప్పు జవాబులు రాయండి. పాఠానికి మూడు చాలు. ఒక్కోదాని పక్కన, ఆ తప్పు వస్తే మీరు అడగబోయే ప్రశ్న. "తప్పు, కూర్చో" కాదు, ప్రశ్న. 0.35 పెద్దదా 0.5 పెద్దదా అంటే 0.35 అంటారు, 35 పెద్దది కదా అని. సైన్సులో మొక్కలు రాత్రిపూటే శ్వాసిస్తాయంటారు. మీ సబ్జెక్టులో ఏం తప్పులొస్తాయో తెలియకపోతే మా బీరువాలో ఎఫ్ఏ అనే చిన్న పరీక్షల పాత జవాబు పత్రాలు కట్టలు కట్టి ఉంటాయి, అడిగితే ఇస్తాం. ఒక సాయంత్రం కూర్చుని ముప్పై పేపర్లు తిరగేస్తే, ఏ గైడులోనూ లేని సరుకు దొరుకుతుంది. మెథడ్ లెక్చరర్ గారు "ఇదేంటమ్మా, తప్పులు రాశావు" అంటే నా పేరు చెప్పండి.

క్లాసులో మిగిలే టైము

పీరియడ్ 45 నిమిషాలని ప్లాన్‌లో రాస్తారు. నిజంగా మీ చేతికొచ్చేది ముప్పై. ముందు పీరియడ్ సారు అయిదు నిమిషాలు ఎక్కువ తీసుకుంటారు. బోర్డు తుడవాలి, డస్టరు పక్క క్లాసుకి పోయి ఉంటుంది. మొదటి పీరియడ్ అయితే హాజరు ఉంది, అదిప్పుడు ఫోన్లో యాప్‌లో కూడా వేయాలి. మధ్యాహ్నం మొదటి పీరియడ్‌కి సగం మంది కంచాలు కడుక్కుని తడి చేతులతో వస్తుంటారు. ముప్పై నిమిషాలకే ప్లాన్ వేసుకోండి. మిగిలితే పిల్లల చేత ఒక లెక్క ఎక్కువ చేయించొచ్చు, తగ్గితే మాత్రం అసలు సంగతి దగ్గరే గంట కొడతారు.

గోల గురించి అందరూ టెన్షన్ పడతారు. నా ట్రైనింగులో గోల మీద గోల చేసి మూడో రోజుకి గొంతు పోగొట్టుకున్నాను. మా అమ్మ వారం రోజులు మిరియాల పాలు పట్టించింది. తర్వాత తెలిసిన కిటుకు ఇది: లోపలికి వెళ్లగానే ఏమీ మాట్లాడకుండా బోర్డు మీద ఒక చిన్న లెక్క రాసేయండి. నిన్నటి పాఠంలోదే, తేలిగ్గా అయ్యేది. హాజరు అయ్యేలోపు చేయాలని పిల్లలకి అలవాటు చేస్తే నాలుగు రోజుల్లో వాళ్లే పుస్తకాలు తీసి సిద్ధంగా ఉంటారు. బెత్తం మాట మాత్రం తలపెట్టకండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అది ట్రైనీకీ వర్తిస్తుంది, నాకూ వర్తిస్తుంది.

బోర్డు పని ఎవరూ నేర్పరు, అది మీరే నేర్చుకోవాలి. చాక్‌పీసు సగానికి విరిచి పడుకోబెట్టి పట్టుకుంటే కీచుమనదు. బోర్డుని నిలువు గీతతో రెండు భాగాలు చేయండి. ఎడమవైపు రాసింది పీరియడ్ అయ్యేదాకా ఉంచాలి, కుడివైపుది చిత్తు, తుడిచేయొచ్చు. పిల్లలు లేని టైములో ఒక లైను రాసి, చివరి బెంచీలో కూర్చుని చదువుకోండి. వత్తులు కనపడకపోతే అక్షరాలు పెంచాలి. ఇప్పుడు చాలా బడుల్లో పెద్ద ప్యానెళ్లు కూడా ఉన్నాయి, బాగుంటాయి. కరెంటు పోయినప్పుడు మాత్రం మళ్లీ చాక్‌పీసే.

భాష సంగతి ఒక్క మాట. మన పుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో తెలుగూ ఇంగ్లీషూ ఉంటాయి. పరీక్ష ఇంగ్లీషులో రాసే పిల్లాడు కూడా ఆలోచించేది తెలుగులో. ముందు తెలుగు పేజీలో అర్థం చేయించి, తర్వాత ఇంగ్లీషు పేజీలో అదే వాక్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి.

కాలేజీలో చేసిన మైక్రో టీచింగ్ గుర్తుందిగా, ఆరు నిమిషాలు పాఠం, ఆరు నిమిషాలు సలహాలు, పన్నెండు నిమిషాలు మళ్లీ ప్లాను, మళ్లీ పాఠం, మళ్లీ సలహాలు, మొత్తం 36 నిమిషాలు. అక్కడ మీ స్నేహితులే పిల్లలుగా నటిస్తారు కాబట్టి అది కొంచెం నాటకంలా ఉంటుంది. కానీ ఆ చక్రం మాత్రం బడిలో పనికొస్తుంది. మాకు ఏ, బీ సెక్షన్లున్నాయి. ఉదయం ఏ సెక్షన్‌కి చెప్పండి, మధ్యలో లీజర్‌లో నాతో మాట్లాడండి, మధ్యాహ్నం అదే పాఠం మార్చి బీ సెక్షన్‌కి చెప్పండి.

మాట్లాడేటప్పుడు "బాగుందా మేడమ్?" అనకండి. బాగుందమ్మా అంటాం, పేపర్లు దిద్దుకుంటూ. "ఇరవయ్యో నిమిషంలో వెనక వాళ్లు ఎందుకు మాట్లాడుకున్నారు?", "నేను ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగాను?" అని అడగండి. అలా అడిగితే మేం పెన్ను కింద పెట్టి ఆలోచించాల్సి వస్తుంది.

మిర్చి రోజుల్లో కేస్ స్టడీ

సంక్రాంతి వెళ్లాక మా హాజరు పట్టీ చూడండి, మిర్చి యార్డుకి సరుకు రావడం ఎప్పుడు పుంజుకుందో చెప్పొచ్చు. తల్లులు కోల్డ్ స్టోరేజీల దగ్గర ముచ్చికలు తీసే పనికి పోతారు. కర్నూలు వైపు నుంచి కోతలకి వచ్చిన కుటుంబాల పిల్లలు కొన్నాళ్లు కనపడి, ఆనక కనపడరు. మీ ఇంటర్న్‌షిప్ ఆ నెలల్లో పడితే కేస్ స్టడీకి, అంటే ఒక పిల్ల పరిస్థితి దగ్గరగా చూసి రాసే రికార్డుకి, పిల్లల్ని వెతుక్కోనక్కర్లేదు.

చాలామంది ఏం చేస్తారంటే, క్లాసులో చురుగ్గా ఉన్న పిల్లనే పిలిచి, నాన్న ఏం చేస్తారు, నీకిష్టమైన సబ్జెక్టేంటి అని అడిగి నాలుగు పేజీలు నింపేస్తారు. అలా వద్దు. రాని పిల్ల ఇంటికి వెళ్లండి. ఒంటరిగా కాదు, బడిలో చెప్పి, మాలో ఒకర్ని తోడు తీసుకుని వెళ్లండి. చేతిలో రికార్డు పట్టుకెళ్లకండి, జనాభా లెక్కల వాళ్లనుకుంటారు.

సత్తెనపల్లి అమ్మాయి, నేను అలా ఒక ఏడో తరగతి పిల్ల ఇంటికి వెళ్లాం. వాళ్లమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె దగ్గరికి రాగానే మా ఇద్దరికీ తుమ్ములు మొదలయ్యాయి, బట్టల నిండా కారం ఘాటు. "ఏం చేయమంటారమ్మా, చిన్నదాన్ని చూసేవాళ్లు లేరు" అంది. చిన్నదానికి మూడేళ్లు. పెద్దది బడి మానింది చదువంటే ఇష్టం లేక కాదు, చెల్లెల్ని ఎత్తుకోవడానికి. వీధి చివరే అంగన్‌వాడీ ఉంది, మూడేళ్ల పిల్లని అక్కడ చేర్చుకుంటారు. సత్తెనపల్లి అమ్మాయి అక్కడి టీచరుతో మాట్లాడింది. పెద్దపిల్ల వరసగా నాలుగు రోజులు బడికి వచ్చింది. అయిదో రోజు మళ్లీ రాలేదు, చిన్నదానికి జ్వరమట. రికార్డులో పరిష్కారం అనే గడిలో ఏం రాయాలి మేడమ్ అని మా ట్రైనీ అడిగింది. జరిగింది రాయమన్నాను, జ్వరంతో సహా.

కొన్ని ఇబ్బందులు

ఎవరైనా టీచరు సెలవు పెడితే మిమ్మల్ని ఆ క్లాసులో కూర్చోబెడతారు. ఒకటీ రెండూ అయితే వెళ్లండి, అదీ పనే. నేను ట్రైనింగు చేసిన బడిలో మా ముగ్గురిని వారం రోజులు మార్కుల రిజిస్టర్లు రాయడానికే కూర్చోబెట్టారు, అడగడానికి మాకు నోరు రాలేదు. మీకలా జరిగితే మొహం మాడ్చుకోకుండా హెచ్.ఎం. గారి దగ్గరికి వెళ్లి, "సార్, నా ఆరో తరగతి పీరియడ్ మాత్రం నాకు వదిలేయండి, మిగతా టైములో ఏ పని చెప్పినా చేస్తాను" అనండి. ఒక్క క్లాసు రోజూ మీ చేతిలో ఉంటే చాలు.

రికార్డులు డబ్బులకి రాసిపెట్టేవాళ్లున్నారు. కాలేజీకి రానక్కర్లేదనే వాళ్లూ ఉన్నారు. ఎవరని నన్ను అడగొద్దు, మీకే బాగా తెలుసు. ఒక్కటే చెబుతాను: ఏ రోజు పాఠం ఆ రాత్రే, తిన్నాక అరగంటలో రాసేసుకోండి. ఫైనల్ లెసన్ రోజు ఎక్స్‌టర్నల్ గారు రికార్డు మధ్యలో ఒక పేజీ తీసి, "ఈ పాఠంలో ఏం జరిగింది?" అంటే, చెప్పినవాళ్లు చెబుతారు, కొన్నవాళ్లు నీళ్లు నములుతారు. చార్టులు కూడా కొనకండి. మడిచిన కాగితం చాలని పైన చూశారుగా.

ఇక డీఎస్సీ, ప్రభుత్వ టీచరు పోస్టుల పరీక్ష. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులిచ్చారు. టెట్ అనే టీచరు అర్హత పరీక్ష మార్కులకి 20 శాతం వెయిటేజీ, మిగతా 80 రాతపరీక్ష. అందులో బోర్డు దగ్గర నిలబెట్టి పాఠం చెప్పమనే వాళ్లెవరూ ఉండరు. అందుకే ఇంటర్న్‌షిప్‌లో ఉండగానే మనసు అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్ మీదుంటుంది చాలామందికి. నేను కాదనను, ఇల్లు గడవాలి. కానీ ప్రైవేటు స్కూల్లో చేరాలన్నా ముందు డెమో అడుగుతారు. పోస్టు వచ్చాక మాత్రం మొదటి రోజే నలభై మంది ముందు నిలబెట్టి తలుపు వేస్తారు. అప్పుడు పక్కన కుర్చీలో ఎవరూ ఉండరు.

చివరి వారం పనులు కొన్ని. దిద్దిన నోటుబుక్కులన్నీ తిరిగి ఇచ్చేయండి. మీరు పెట్టిన పరీక్ష మార్కులు, ఏ పిల్లాడు ఎక్కడ ఆగాడో ఒక కాగితం మీద రాసి క్లాసు టీచరుకి ఇవ్వండి. వెళ్లిపోతున్న సంగతి పిల్లలకి రెండు రోజుల ముందే చెప్పండి, చివరి గంటలో కాదు.

పొన్నూరు అబ్బాయి వెళ్లే రోజు ఆరో తరగతి వాళ్లు చందాలేసుకుని పెన్ను కొనిచ్చారు. ఆయన మెట్లు దిగుతుంటే ఆ మ్యాచ్‌ల పిల్లాడు నా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగాడు, "టీచర్, రేపట్నించి మళ్లీ మీరేనా?"

"నేనే రా" అన్నాను.

వాడు కొంచెం సేపు ఆలోచించి, "మీకు మ్యాచ్‌ల లెక్క వచ్చా?" అన్నాడు.